సైకిల్ తొక్కినంత దూరం

ఆఫీసు పని మీద విదేశం వెళ్లే మనవాళ్లకు అక్కడి ఊరు చాలావరకు ఒక మకాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగం, శుక్రవారం రాత్రి రైలో విమానమో ఎక్కి ప్యారిస్, జ్యూరిక్, ప్రేగ్. ప్రాజెక్టు ముగిసి ఇంటికొచ్చేసరికి ఫోన్ నిండా అయిదారు దేశాల ఫోటోలుంటాయి. జీతం ఇచ్చిన ఊరి గురించి ఎవరైనా అడిగితే మాత్రం "ఆమ్‌స్టర్‌డాంకి కాస్త దూరంలే" అని దాటేస్తాం. నేను ఏడాది పైచిలుకు ఉన్న ఐండ్‌హోవెన్‌కి మనవాళ్ల నోట దక్కుతున్న మర్యాద ఇంతే.

నెదర్లాండ్స్‌కి దక్షిణాన, బెల్జియం సరిహద్దుకి దగ్గర్లో, ఉత్తర బ్రబాంట్ అనే రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. స్కిపోల్ విమానాశ్రయం నుంచి రైల్లో సుమారు గంటన్నర. కాలువల మీద పడవ షికార్లు లేవు, కనుచూపు మేర తులిప్ తోటలు లేవు. జనాభా రెండున్నర లక్షలకు కాస్త అటూ ఇటూ. అయినా శనివారం ఉదయం సంతలో నిలబడితే తెలుగు మాట వినపడకుండా ఉండదు. కారణం పక్కనే ఉన్న వెల్డ్‌హోవెన్. చిప్‌లు చేసే యంత్రాలకు ప్రపంచమంతా పేరున్న ఊరు అది. ఆ యంత్రాలకు విడిభాగాలు అందించే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని మీద నన్ను హైదరాబాద్ ఆఫీసు పంపింది.

కాగితాలు, కొంప

నాలుగు నెలలకు మించి ఉండేవాళ్లు ఆ దేశంలో మునిసిపాలిటీ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ ఇచ్చే బీఎస్ఎన్ అనే నంబరు లేకపోతే జీతం లెక్క తేలదు, ఆరోగ్య బీమా కుదరదు, ఇంటికి కరెంటు ఒప్పందం కూడా కష్టమే. నమోదుకి జనన ధ్రువపత్రం చూపించాలి. మా తరంలో పల్లెల్లో పుట్టినవాళ్లకి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే పుట్టినరోజు. ఆ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. పుట్టిన ఊళ్లో ధ్రువపత్రం తీసుకుని, దాని మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించుకుని విమానం ఎక్కాలి. వెళ్లాక టీబీ పరీక్ష ఒకటి ఉంటుంది. ఇవన్నీ అయితే ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ పడిగాపులు పడక్కర్లేదు. దేశం మొత్తం అపాయింట్‌మెంట్ మీద నడుస్తుంది. పది గంటలకి రమ్మంటే పది గంటలకి పని మొదలవుతుంది.

ఇల్లు దొరకడం మాత్రం అంత తేలిక కాదు. అక్కడ అద్దె ఇళ్లలో ఒక రకానికి నేల కూడా ఉండదు. ఖాళీ చేసేవాళ్లు పరుపులూ కర్టెన్లతో పాటు కింద పరిచిన చెక్క పలకలనూ ఊడదీసుకుని పోతారు. కొత్తగా వచ్చినవాడు ఉత్త సిమెంటు మీద అడుగు పెడతాడు. ఏడాది రెండేళ్లకు వచ్చినవాళ్లు సామానుతో ఉన్న ఇల్లే వెతుక్కోవాలి, దాని అద్దె జీతంలో పెద్ద ముక్క కొరికేస్తుంది. ఊళ్లో పుట్టి పెరిగిన కుర్రాళ్లకే ఇళ్లు దొరకని పరిస్థితి. చిప్ కంపెనీల కోసం వచ్చిపడుతున్న జనం వల్లే అద్దెలు పెరిగాయన్న మాట బస్సుల్లో, బార్బరు షాపుల్లో వినిపిస్తుంది. కోపంగా కాదు, లెక్క చెబుతున్నట్టు అంటారు. ఈ ప్రాంతంలో ఇళ్లకూ రోడ్లకూ చదువులకూ కలిపి 2024లో డచ్చి ప్రభుత్వం 250 కోట్ల యూరోల పథకం ప్రకటించింది. దానికి పెట్టిన పేరు 'బీథోవెన్'.

నాకు దొరికింది వూన్సెల్ అనే పేటలో మూడంతస్తుల సన్నటి ఇటుక ఇల్లు. మెట్లు నిచ్చెన కంటే కాస్త నయం. చెత్త వేరు చేయడం నేర్చుకోవడానికే కొన్ని వారాలు పట్టింది. ప్లాస్టిక్, కాగితం, కూరగాయల తొక్కలు, మిగిలింది. ఖాళీ సీసా, డబ్బా తీసుకెళ్లి సూపర్ మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే కొన్ని సెంట్లు వెనక్కి వస్తాయి. సీసాలు కొని డబ్బులిచ్చే మన పాతసామాన్ల బండి ఆ దేశంలో యంత్రమై గోడకి అతుక్కుంది.

వంటకి కావాల్సినవి ఎక్కడ దొరుకుతాయన్న భయం ఒక్క శనివారంతో తీరింది. ఇండియన్ దుకాణాలు ఎలాగూ ఉన్నాయి. వాటికంటే నాకు నచ్చినవి సురినాం వాళ్ల కొట్లు. కాకరకాయ, మునక్కాడ, గజం పొడుగు బొబ్బర్లు, చింతపండు అన్నీ అక్కడే. దక్షిణ అమెరికాలో డచ్చివాళ్ల వలసగా ఉన్న సురినాంకి 1873 నుంచి 1916 దాకా కలకత్తా రేవు మీదుగా 34 వేల మంది భారతీయులను చెరకు తోటల కూలీలుగా తరలించారు. 1975లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో వాళ్ల సంతతి చాలామంది నెదర్లాండ్స్‌కి చేరుకున్నారు. కొట్టు యజమానురాలికి హిందీ సగం, డచ్చి పూర్తిగా. నన్ను చూసి "ఇండియా నుంచా, ఎన్నేళ్లకి వచ్చావు బేటా?" అంది. ఏడాదికి అన్నాను. వాళ్ల ముత్తాత ఒప్పందం అయిదేళ్లకట. ఒప్పందాల మీద వచ్చి కాకర పాదు పెట్టుకున్నవాళ్లు ఆ ఊళ్లో మా కంటే ముందే ఉన్నారని అప్పుడు తెలిసింది.

రెండు చక్రాలు, ఒక చీటీ

నెదర్లాండ్స్‌లో మనుషుల కంటే సైకిళ్లు ఎక్కువ. పాత సైకిల్ ఒకటి కొన్నాను. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే రకం. సైకిల్ కంటే దాని గొలుసు తాళం బరువు. ముందూ వెనకా లైటు లేకుండా చీకట్లో తొక్కితే పోలీసులు జరిమానా వేస్తారు. వాన పడితే పైన రెయిన్ కోటు, కింద వాన ప్యాంటు. గాలి ఎదురైతే మాత్రం ఏమీ చేయలేం. కొండ కాదు కదా, గుట్ట కూడా లేని ఆ ప్రాంతంలో కాళ్లకు తీపులు పుట్టించేది గాలే.

వెల్డ్‌హోవెన్‌కి వెళ్లే దారిలో హోవెన్‌రింగ్ ఉంది. కింద నాలుగు రోడ్ల కూడలిలో కార్లు, పైన గాల్లో వేలాడే గుండ్రటి వంతెన మీద సైకిళ్లు. డెబ్బై మీటర్ల ఉక్కు స్తంభం ఒక్కటి, దాన్నుంచి దిగిన 24 తీగలు, వాటికి కట్టిన 72 మీటర్ల వలయం. 2012లో తెరిచారు. మన దగ్గర ఫ్లైఓవర్ కార్లకి, అక్కడ సైకిళ్లకి. ఎవరి కాళ్లు నొప్పి పెట్టకూడదని ప్రభుత్వం అనుకుంటుందో ఇంజినీరింగ్ అక్కడికి పోతుంది.

సెలవురోజు తిరగడానికి వాళ్లు వాడే పద్ధతి ఇంకా బాగుంది. సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు. పలక మీద ఆ నంబరు, అక్కడి నుంచి ఏ బాణం ఏ నంబరుకి పోతుందో గుర్తు. బయల్దేరే ముందు నాలుగైదు నంబర్లు చీటీ మీద రాసుకుంటే చాలు, ఊరి పేర్లు నోరు తిరగకపోయినా దారి తప్పం. దీన్ని 1995లో కనిపెట్టింది సరిహద్దుకి అవతల, బెల్జియం లింబుర్గ్‌లో హ్యూగో బోలెన్ అనే గని ఇంజినీరు. బొగ్గు గనుల్లో సొరంగాలు కలిసేచోట్లను అలా గుర్తు పెట్టుకునేవారు. గనులు మూతపడ్డాక ఆ ఉపాయం నేల మీదికి వచ్చి, చుట్టుపక్కల దేశాలకు పాకింది. నా చొక్కా జేబులో ప్రతి ఆదివారం అలాంటి చీటీ ఒకటి ఉండేది.

వరంగల్ తమ్ముడొకడు మా ఆఫీసులోనే. శుక్రవారం సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, "అన్నా, రేపు స్విట్జర్లాండ్ పోతున్నం, వస్తవా? నువ్వేడికి పోతున్నవ్?" అనేవాడు. "గెల్డ్రాప్" అనేవాణ్ని. "అండ్ల ఏమున్నదన్నా?" అని నవ్వేవాడు. గెల్డ్రాప్‌లో ఏముందో తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం మజ్జిగ

అక్కడ మధ్యాహ్న భోజనం అంటే రొట్టె మీద జున్ను, పక్కన గ్లాసు మజ్జిగ. అవును, మజ్జిగే. చిక్కగా, పుల్లగా, ఉప్పూ అల్లం కరివేపాకు లేకుండా పెట్టెల్లో అమ్ముతారు. అరగంటలో తిని లేస్తారు. సాయంత్రం అయిదింటికి కంప్యూటర్ కట్టేస్తారు, ఆరింటికి ఇంట్లో భోజనం. నాన్నలు కొందరు వారానికి ఒకరోజు పిల్లల కోసం సెలవు తీసుకుంటారు. దాన్ని అడగడానికి ఎవరూ మొహమాటపడరు, ఇవ్వడానికి ఎవరూ విసుక్కోరు.

మొహమాటం లేకపోవడం అక్కడ ఎదురయ్యే మొదటి చలిగాలి. మీటింగులో "ఈ డిజైన్ బాగాలేదు" అని పెద్ద మేనేజరు ముఖాన కుర్ర ఇంజినీరు అంటాడు. మేనేజరు "ఎందుకు?" అంటాడు, చర్చ నడుస్తుంది, ఇద్దరూ కలిసి కాఫీకి పోతారు. 'చూద్దాం', 'అలాగే' అని మనం నాన్చే మాటలకు అక్కడ అర్థం ఒప్పుకున్నట్టే. కుదరని పనికి కుదరదని చెప్పడం అలవాటయ్యాక ప్రాజెక్టులో నా నిద్ర బాగుపడింది.

పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేకు తెచ్చి అందరికీ పెట్టాలి. ఇంట్లో వేడుకకి పిలిస్తే ఆ మనిషికే కాదు, అతని భార్యకీ, తల్లికీ, పిల్లలకీ కూడా శుభాకాంక్షలు చెప్పాలి. బంధుమిత్రుల పుట్టినరోజుల క్యాలెండర్ చాలా ఇళ్లలో మరుగుదొడ్డి గోడకి వేలాడుతుంది. రోజూ తప్పకుండా చూసే చోటు అదేగా అంటారు.

బట్టల షెడ్డులో వెలిగిన దీపం

మా ఎదురింటి పెద్దాయన ఫిలిప్స్‌లో టీవీ పిక్చర్ ట్యూబుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఊరి గురించి అడిగితే చాలు, కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. ఆయన చెప్పిన ఆనవాళ్లు పట్టుకుని ఫిలిప్స్ మ్యూజియంకీ, పాత ఫ్యాక్టరీల ఆవరణ స్ట్రైప్-ఎస్‌కీ వెళ్లాను.

1891లో గెరార్డ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు తండ్రి ఫ్రెడరిక్ పెట్టుబడితో ఇక్కడ ఖాళీగా ఉన్న చిన్న బట్టల ఫ్యాక్టరీ ఒకటి కొని కరెంటు బల్బులు చేయడం మొదలుపెట్టాడు. అప్పటికి ఊళ్లో అయిదువేల మంది కూడా లేరు. ఇసుక నేలలు, పండితే రై, బంగాళాదుంప. జనం మగ్గాలూ చుట్టలూ అగ్గిపెట్టెల పనులతో పొట్ట పోసుకునేవారు. కూలి చవక. దానికి తోడు నెదర్లాండ్స్‌లో 1869 నుంచి 1912 దాకా పేటెంటు చట్టమే లేదు. ఎడిసన్ బల్బుని చూసి చేసినా అడిగేవాడు లేడు. తమ్ముడు ఆంటన్ అమ్మకాలు చూసుకున్నాడు. 1898లో రష్యా జార్ చక్రవర్తి శీతాకాల ప్రాసాదానికి 50 వేల బల్బుల ఆర్డరు పట్టాడు. సున్నాలు ఎక్కువ పడ్డాయేమోనని ఇంటినుంచి టెలిగ్రాం వస్తే, అంకె అక్షరాల్లో రాసి మళ్లీ పంపాడంటారు.

అక్కణ్నుంచి ఊరు పెరిగింది. చుట్టూ ఉన్న వూన్సెల్, స్ట్రైప్, స్ట్రాటమ్, గెస్టెల్, టోంగెల్రె అనే అయిదు గ్రామాలను 1920లో కలిపేసుకుంది. ఫ్యాక్టరీకి చేతులు చాలక ఈశాన్యాన ఎక్కడో ఉన్న డ్రెంట నుంచి కుటుంబాలకు కుటుంబాలనే తెప్పించారు. వాళ్ల కోసం కట్టిన పేట ఈనాటికీ డ్రెంట్స్ డోర్ప్‌గానే ఉంది. తర్వాత స్పెయిన్ నుంచి, టర్కీ నుంచి వచ్చారు. ఇప్పుడు మేము. ఇళ్లు, బడులు, తోటలు, చివరికి ఫుట్‌బాల్ జట్టు కూడా కంపెనీదే. పీఎస్‌వీ పేరులో 'పీ' ఫిలిప్స్. 1913లో ఉద్యోగుల కోసం పెట్టిన ఆ క్లబ్బు 1988లో యూరోపియన్ కప్పు గెలిచింది.

యుద్ధం కూడా ఈ ఫ్యాక్టరీల మీదికే వచ్చింది. జర్మన్ల చేతిలో ఉన్న ఫిలిప్స్ మీద 1942 డిసెంబర్ 6న మిత్రదేశాల విమానాలే బాంబులు వేశాయి. 1944 సెప్టెంబర్ 18న అమెరికన్ పారాట్రూపర్లు ఊరిని విడిపించారు. మర్నాడు రాత్రే జర్మన్ విమానాలు తిరిగొచ్చి 200 మందికి పైగా ప్రాణాలు తీశాయి. నగరం నడిబొడ్డున ఉన్న కూడలి పేరు '18 సెప్టెంబర్ చౌక్'. యుద్ధకాలంలో దేశంలోనే ఉండిపోయిన ఆంటన్ కొడుకు ఫ్రిట్స్ ఫిలిప్స్, తన ఫ్యాక్టరీలో పని తప్పనిసరి అని చూపి 382 మంది యూదులను కాపాడాడు. ఆయన కంచు విగ్రహం సంత దగ్గర నిలబడి ఉంటుంది.

1990ల నుంచి ఫిలిప్స్ చేతులు ముడుచుకుంది. ప్రధాన కార్యాలయం ఆమ్‌స్టర్‌డాంకి వెళ్లిపోయింది. ఉద్యోగుల గుర్తింపు కార్డు లేకుండా కాలు పెట్టనివ్వని స్ట్రైప్-ఎస్ ఆవరణ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, కాఫీ కొట్లు, చిత్రకారుల గదులు. ప్రతి అక్టోబర్‌లో డచ్ డిజైన్ వీక్‌కి అదొక ముఖ్య వేదిక. నవంబర్‌లో 'గ్లో' పేరుతో ఊరంతా దీపాల ప్రదర్శన. కార్నివాల్ రోజుల్లో ఐండ్‌హోవెన్ తన పేరునే 'లాంపెగాట్' అని మార్చుకుని బల్బుల టోపీలు పెట్టుకుంటుంది.

కంపెనీ పోయినా ఊరు పడిపోకపోవడానికి కారణం ఫిలిప్స్ వదిలిపోయిన పనివాళ్లు. 1984లో ఫిలిప్స్, ఏఎస్ఎం ఇంటర్నేషనల్ కలిసి ఒక చిన్న సంస్థ పెట్టాయి. ఫిలిప్స్ ఆఫీసు పక్కన వానకి కారే షెడ్డులో మొదలైన ఆ సంస్థే ఏఎస్ఎంఎల్. దాని సరికొత్త యంత్రాల్లో సెకనుకి వేల కొద్దీ తగరపు చుక్కలు జారుతుంటే వాటిని లేజర్‌తో కొట్టి 13.5 నానోమీటర్ల కాంతి పుట్టిస్తారు. ఆ కాంతితో సిలికాన్ మీద గీతలు గీస్తారు. ప్రపంచంలో ఈ రకం యంత్రం అమ్మేది ఈ ఒక్క కంపెనీయే. నూట ముప్పై ఏళ్లు దాటినా ఊరి వృత్తి మారలేదు. వెలుతురు తయారు చేయడమే.

పడుగు, పేక

మాది బందరు పక్కనున్న పెడన. మా తాత గుంట మగ్గం మీద నేశాడు, మా మేనమామ కలంకారీ అచ్చులు వేశాడు. నేను కంప్యూటర్ పట్టుకున్నాను. డచ్చి దేశంలో మగ్గం ఎదురవుతుందని అనుకోలేదు.

ఐండ్‌హోవెన్ నుంచి సైకిల్ మీద అరగంట పోతే న్యూనెన్. 1883 డిసెంబర్‌లో విన్సెంట్ వాన్‌గో ఈ పల్లెకి వచ్చాడు. అప్పటికి ముప్పై ఏళ్లు, పెట్టుకున్న పనులన్నీ చెడి, పాస్టరుగా ఉన్న తండ్రి ఇంటికి చేరినవాడు. రెండేళ్లు ఉన్నాడు. వాన్‌గో అనగానే మనకి పొద్దుతిరుగుడు పూలూ నక్షత్రాల రాత్రీ గుర్తొస్తాయి. ఇక్కడ గీసినవన్నీ మట్టి రంగులు. తండ్రి ప్రసంగాలిచ్చిన చిన్న చర్చి, పాస్టరు నివాసం, ఓప్వెటెన్ నీటిమర, అన్నీ ఇంకా నిలబడే ఉన్నాయి. పాస్టరు నివాసం ఎదురుగా ఉన్న మ్యూజియంలో ఆయన గీసిన మగ్గాల బొమ్మల నకళ్లు చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

1884లో ఆయన ఎక్కువగా గీసింది నేతగాళ్లనే. చీకటి గది నిండా మగ్గం, ఆ కర్రల మధ్య ఇరుక్కున్న మనిషి. ఒక మగ్గం దూలం మీద 1730 అని చెక్కి ఉండడం కూడా గీశాడు. ఒక బొమ్మలో మగ్గం పక్కన ఎత్తు కుర్చీలో పసిపాప. ఆ పాపని ఎవరు ఆడిస్తున్నారో నాకు తెలుసు, ఎవరూ ఆడించరు. అమ్మ కండెలు చుడుతుంటుంది, నాన్న నాడె విసురుతుంటాడు, పిల్ల ఆ చప్పుడు వింటూ పెరుగుతుంది. మా అమ్మ అలాగే పెరిగింది.

1885 వసంతంలో గీసిన 'బంగాళాదుంపలు తినేవాళ్లు' కూడా న్యూనెన్ కుటుంబమే. వేలాడే దీపం కింద అయిదుగురు, ఒకే పళ్లెంలో దుంపలు, పక్కన కాఫీ. ఆ చేతుల కోసం, ముఖాల కోసం ఆయన నెలల తరబడి సాధన చేశాడు. మట్టి తవ్విన చేతులే పళ్లెంలో పెట్టారని చూపించాలన్నది ఆయన పట్టుదల. ఆ ఇంటి అమ్మాయి గర్భవతి అయితే ఊరు ఆయన్ని అనుమానించింది. బొమ్మలకు కూర్చోవద్దని క్యాథలిక్ మతగురువు తన జనాన్ని కట్టడి చేశాడు. నవంబర్‌లో వాన్‌గో ఆంట్వెర్ప్ వెళ్లిపోయాడు, మళ్లీ ఎప్పుడూ నెదర్లాండ్స్‌లో కాపురం పెట్టలేదు. ఇప్పుడు న్యూనెన్‌లో వీధి వీధికీ ఆయన పేరు. 2014లో అక్కడికి వేసిన సైకిల్ దారి ఒకటి చీకటి పడ్డాక ఆయన నక్షత్రాల్లా మెరుస్తుంది.

ఇక గెల్డ్రాప్. అక్కడ పాత నేత మిల్లులో మగ్గాల మ్యూజియం ఉంది. రిటైరైన పనివాళ్లే మగ్గాలు ఆడించి చూపిస్తారు. భాష లేకుండానే మాట్లాడుకున్నాం. తెగిన పడుగు పోగుని ముడివేయమని వేలితో చూపిస్తే నేను ముడివేశాను. ఆ ముసలాయన నా ముడి చూసి, తన పక్కవాణ్ని పిలిచి చూపించాడు.

మరో ఆదివారం హెల్మండ్. అక్కడి వ్లిస్కో కంపెనీ 1846 నుంచి బట్టలు అద్దుతోంది. జావా దీవిలో మైనంతో అద్దే బాతిక్‌ని యంత్రాల మీద చవగ్గా చేసి జావాకే అమ్మాలన్నది డచ్చి వ్యాపారుల ఎత్తు. చివరికి ఆ బట్ట నిలదొక్కుకున్నది పశ్చిమ ఆఫ్రికాలో. ఘనాలో, నైజీరియాలో, టోగోలో పెళ్లికీ చావుకీ కట్టుకునే రంగురంగుల 'ఆఫ్రికన్' బట్టల్లో ఖరీదైనవి హెల్మండ్‌లో తయారవుతాయి.

ఈ దారాన్ని ఇంకా వెనక్కి లాగితే మా ఊరే తగులుతుంది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి ఈస్టిండియా కంపెనీ బందరులో దిగింది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో బందరు, పాలకొల్లు, ద్రాక్షారామం, ఖమ్మం వైపు నాగులవంచ దాకా కోఠీలు పెట్టుకుంది. మనవాళ్లు ఒలందులన్నది వీళ్లనే. మిరియాలూ లవంగాలూ జాజికాయలూ కొనాలంటే జావా, మొలుక్కా దీవుల్లో డబ్బు కంటే కోరమాండల్ బట్టకే గిరాకీ. అందుకని మన తీరం మీద అద్దిన బట్టలను ఓడల్లో అక్కడికి మోశారు. జావా బాతిక్ మీద ఆ బట్టల ముద్ర ఉందని బట్టల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. కొన్ని బట్టలు నేరుగా హాలండ్‌కి వచ్చి అక్కడి ఆడవాళ్ల జాకెట్లయ్యాయి. బందరు నుంచి జావాకి, జావా నుంచి హెల్మండ్‌కి, హెల్మండ్ నుంచి ఆఫ్రికాకి. బందరులో డచ్చివాళ్ల సమాధులు పురావస్తు శాఖ కాపలాలో ఉన్నాయి. నేను పుట్టిన చోటికి పదిమైళ్ల లోపే. చిన్నప్పుడు ఆ పక్కనుంచి ఎన్నోసార్లు సైకిల్ మీద వెళ్లాను, ఎవరివో అడగలేదు.

గీత మీద ఊరు

సైకిల్‌కి అందని దూరం అయినా వెళ్లక తప్పనిది బార్లె. నెదర్లాండ్స్ లోపల 22 బెల్జియం ముక్కలు, వాటిలో కొన్నింటి లోపల మళ్లీ నెదర్లాండ్స్ ముక్కలు. ఎనిమిది వందల ఏళ్ల కిందట బ్రబాంట్ డ్యూకుకీ బ్రెడా ప్రభువుకీ మధ్య జరిగిన భూముల పంపకం అలా మిగిలిపోయింది. కాలిబాట మీద తెల్ల సిలువ గుర్తులతో సరిహద్దు గీత. అది కాఫీ కొట్లోంచి, ఇళ్లలోంచి పోతుంది. వీధి గుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిది. మనకీ బంగ్లాదేశ్‌కీ మధ్య కూచ్‌బిహార్ దగ్గర ఇలాంటి ముక్కలే ఉండేవి. అక్కడి మనుషులు దశాబ్దాల పాటు ఏ దేశానికీ చెందకుండా బతికారు. 2015లో మార్చుకున్నాకే వాళ్లకి ఓటూ కరెంటూ వచ్చాయి. బార్లెలో మాత్రం ఆ చిక్కుముడి పర్యాటకుల ఆకర్షణ. గీత ఒకటే, రెండు వైపులా ఉన్న ప్రభుత్వాల తీరే వేరు.

వెళ్లేవాళ్లకు

చలికాలం గురించి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. డిసెంబర్‌లో పొద్దున ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఇంటి మీద బెంగ ఆ నెలల్లోనే. ఇండియాలో పిల్లలు నిద్రపోయే వేళకి మనం ఆఫీసు నుంచి బయటపడతాం. నన్ను నిలబెట్టింది ఆదివారం చీటీ మీది నంబర్లే. ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఆ నెలలు ఇంకా బరువు.

డెప్యుటేషన్ మీద వెళ్లే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇదే. ప్యారిస్ వెళ్లండి, ఆల్ప్స్ మంచు చూడండి, వద్దనను. అపోస్టిల్ మాత్రం ఇక్కడే చేయించుకోండి. వెళ్లిన మొదటి నెలలోనే పాత సైకిల్ ఒకటి కొనండి. దేశంలో అయిదొందల దాకా మ్యూజియాలకు చెల్లే మ్యూజియం కార్డు తీసుకోండి. మీ కంపెనీ రాకముందు ఆ ఊరు ఏం చేసి బతికిందో ఎదురింటి పెద్దవాళ్లని అడగండి. సొంత ఊరి సంగతి కూడా మీకు అక్కడే తెలియవచ్చు. కంపెనీ మనల్ని పంపేది పనికి. ఊరు చూసుకోవడం మన పని. అది టిక్కెట్టు కొని వెళ్లేంత దూరంలో కాదు, సైకిల్ తొక్కినంత దూరంలోనే ఎక్కువగా దొరుకుతుంది.